గుండె ఎటుంది?

మా ఆయన గుండె కుడివైపు ఉందట. ఆయన పోయి ఏడాది దాటాక, నేను వసారాలో కూర్చుని పెసరపప్పు చెరుగుతుంటే, మెడికల్ కాలేజీ నుంచి ఎవరో అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. "రాంగ్ నంబరమ్మా" అని పెట్టేశాను.

మళ్ళీ మోగింది. ఈసారి మా అబ్బాయి శివరామ్ ఎత్తాడు. మేముండే ఒడియా ఊళ్ళో, బడా బజార్లో మా పప్పుల హోల్‌సేల్ కొట్టు ఇప్పుడు వాడే చూసుకుంటున్నాడు. మాట మెత్తన, కోపం వస్తే మాత్రం వాళ్ళ తాత. ఒడియాలో "ఆజ్ఞా, ఆజ్ఞా" అంటూ, మన 'చిత్తం' లాగ, వినయంగా మొదలుపెట్టినవాడు కాసేపటికి ఆజ్ఞలు మానేసి, "ఏటి మాటాడతన్నారు మీరు?" అని తెలుగులో అరిచాడు. అవతలి పిల్ల కూడా తెలుగులోనే జవాబు చెప్పిందిట.

"అమ్మా, నాన్నగారి బాడీ మార్సీసినారు," అన్నాడు ఫోన్ పెట్టేసి.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్ళి చెప్పాలి, లేకపోతే మీరూ నాలాగే అయోమయంలో పడతారు. మా ఆయన తన శరీరాన్ని మెడికల్ కాలేజీలో అనాటమీ వాళ్ళకి రాసిచ్చాడు. చదువుకునే పిల్లలకి పనికొస్తుందిట. "బతికుండగా ఊరందరికీ పనికొచ్చేవు, సచ్చేక కూడానా?" అని దెప్పి మరీ సంతకం పెట్టాను. ఒకనాడు తెల్లారి లేచి చూస్తే ఆయన లేవలేదు. మధ్యాహ్నానికల్లా కాలేజీ బండి వచ్చి తీసుకుపోయింది. అంతా అనుకున్నట్టే జరిగింది, ఒక్కటి తప్ప. దహనం ఎవరికి చెయ్యాలి?

పురోహితుడు తల గోక్కున్నాడు. సముద్రం ఒడ్డున పొడంపేటలో చేపల వేటకెళ్ళి నీళ్ళలో దొరక్కుండా పోయినవాళ్ళకి దర్భలతో బొమ్మ చేసి దహనం చేస్తారు, మనమూ అదే చేద్దాం అన్నాను. "వాళ్ళకి శరీరం దొరకదమ్మా. మీది ఇక్కడే ఊళ్ళోనే ఉంది కదా. ఉన్న మనిషికి బొమ్మేమిటి?" అని గొణిగాడు. గొణిగి గొణిగి చివరికి ఒప్పుకున్నాడు. కొబ్బరికాయ తల, దర్భల కాళ్ళూ చేతులూ. గుండె ఉండే చోట తులసాకు పెట్టమన్నాడు. శివరామ్ కళ్ళనీళ్ళతో తడుముకుంటుంటే నేనే వంగి, బొమ్మకి ఎడమవైపు పెట్టాను. గుండె ఎడమవైపుంటుందని పసిపిల్లకి కూడా తెలుసు కదా.

ఇప్పుడీ ఫోను. చదువుకునే డాక్టర్లు కోసి చూస్తే గుండె కుడివైపు, కాలేయం ఎడమవైపు, లోపలిదంతా అద్దంలో చూసినట్టు తారుమారుగా ఉందట. పదివేల మందిలో ఒకరికి ఉండవచ్చునట. దాని మీద గురువారం సెమినార్ పెట్టారు, ఇంటివాళ్ళు రావాలి, మిగిలిన అస్థికలు అప్పగిస్తాం, గుండెని మాత్రం మ్యూజియంలో ఉంచుకోవడానికి మీ అనుమతి కావాలి అని ఆ అమ్మాయి చెప్పింది.

నాకు తల తిరిగిపోయింది. అక్కడున్నది ఆయనే అయితే, మేము కాల్చిన బొమ్మ ఆయనది కాదు. బొమ్మ ఆయనదే అయితే, అక్కడున్నది ఇంకెవరో. అప్పుడు ఆయనేడీ? మేము చేసిన కర్మంతా ఎవరికి పోయింది? పురోహితుడికి ఫోన్ చేస్తే, "గుండె కుడివైపు ఉన్నవారి సంగతి నేను చదువుకోలేదమ్మా. ముందు మనిషెవరో తేల్చుకోండి," అని చేతులు దులుపుకున్నాడు.

గురువారం దాకా మూడు రాత్రులూ నేను పడుకున్నానే కానీ నిద్రపోలేదు.

గురువారం ఆటో దిగేసరికి గేటు దగ్గర ఒక సన్నటి పిల్ల, తెల్లకోటు వేసుకుని, మాకోసమే నిలబడి ఉంది. ఫోన్ చేసింది ఈ పిల్లేనట. పేరు రింకి. అనాటమీలో పై చదువు చదువుతోంది, ఈ రోజు సెమినార్ ఇచ్చేది తనే.

"మాది పొడంపేటమ్మా," అంది నా చెయ్యి పట్టుకుని మెట్లెక్కిస్తూ. "మా తాతకి కూడా బొమ్మే కాల్సినారు. మీరలా చేయించినారని మీ అబ్బాయి ఫోన్లో అరిసినప్పుడు నాకు ఏడుపొచ్చీసింది."

"నీకేడుపొచ్చింది. నాకు మతిపోయింది," అన్నాను.

లోపల శవాలు చెడకుండా వేసే మందు వాసన ముక్కు కోసేస్తోంది. డిపార్ట్‌మెంట్ హెడ్ పూర్ణచంద్ర బాబు మమ్మల్ని తన గదిలో కూర్చోబెట్టి టీ తెప్పించాడు. ఆ వాసనలో టీ ఎవరు తాగుతారు? ఆయన ఒడియా మనిషి, పెద్దమనిషి. నన్ను "మావుసీ" అని, పిన్నీ అన్నట్టు పిలిచాడు. మా శివరామ్ మర్యాదలన్నీ పక్కన పెట్టేశాడు.

"ఆ రోజు మా నాన్నగారితో పాటు ఖల్లికోట నుంచి ఇంకో బాడీ వచ్చింది. నేను బండితో పాటు వచ్చి నా కళ్ళతో చూశాను. రెండూ పక్కపక్కనే పెట్టారు. మార్చేశారు, అంతే. ఒప్పుకోండి."

"మార్చలేదు బాబూ. చేతికి కట్టిన బిళ్ళ మొదటి నుంచీ విప్పలేదు," అన్నాడాయన.

"బిళ్ళ మార్చలేదని ఏంటి గ్యారంటీ? మా నాన్నకి డెబ్భై ఏళ్ళొచ్చాయి. గుండె కుడివైపుంటే మాకు తెలీదా? మా అమ్మకి తెలీదా?"

పూర్ణచంద్ర బాబు నా వైపు చూసి, వెంటనే చూపు తిప్పేసుకున్నాడు. ఏదో చెప్పబోయి ఆగాడు. "ముందు సెమినార్ వినండి. తర్వాత మాట్లాడుకుందాం," అన్నాడు. నాకప్పుడే అనుమానం రావాల్సింది. కానీ అనుమానాలన్నీ ఆ ఖల్లికోట మనిషి మీదే ఉన్నాయి నాకు. పాపం ఆయనెవరో. ఆయన పెళ్ళానికి మా ఆయన్ని ఇచ్చేసి ఉంటారా అని కూడా అనుకున్నాను.

"మొహం సూపించండి. నేను గుర్తుపడతాను," అన్నాను.

"వద్దమ్మా," అంది రింకి చప్పున. "ఇన్నాళ్ళ తర్వాత గుర్తుపట్టలేరు. సూసేక మర్సిపోలేరు కూడా. నా మాట ఇనండి."

విన్నాను. ఏడిపించే మాటని కూడా కొందరు బుజ్జగిస్తూ చెప్పగలరు. ఈ పిల్లకి ఆ నేర్పు ఉంది.

సెమినార్ గదిలో మెట్లు మెట్లుగా బల్లలు, వాటి నిండా కోట్లు వేసుకున్న పిల్లలు. ముందు వరసలో మాకు కుర్చీలు వేశారు. దీపాలు ఆర్పి తెర వెలిగించారు. రింకి ఇంగ్లీషులో మొదలుపెట్టింది. మధ్యమధ్య నాకోసం ఆగి, ఆ గదిలో తెలుగు నడవదు గనక ఒడియాలో రెండు ముక్కలు చెప్పేది. తెర మీద ఒక ఛాతీ బొమ్మ వచ్చింది. గుండె ఎర్రగా రంగువేసి ఉంది, స్పష్టంగా నా ఎడమ చేతి వైపు.

"సూసేవా?" అని శివరామ్‌ని మోచేత్తో పొడిచాను. "ఎడం పక్కే ఉంది. వీళ్ళకి కుడెడమలు కూడా తెలీవు."

"అమ్మా, ఆ బొమ్మ మనకేసి తిరిగుంది. మన ఎడం దానికి కుడి."

"అదెలాగ?"

"నువ్వు నాకెదురుగా నించుంటే నీ కుడి చెయ్యి నాకు ఎటొస్తాది?"

నేను కుర్చీలోనే వెనక్కి తిరిగి తెరకి వీపు పెట్టి చూసుకున్నాను. నిజమే. తిరిగితే కుడి, ఎదురుగా కూర్చుంటే ఎడమ. వెనక వరస పిల్లలు నన్ను చూసి నవ్వాపుకుంటున్నారు. నవ్వరా మరి. ఇంతలో రింకి ఇంకో బొమ్మ వేసి, ఇది మామూలు మనిషిది అంది. దీని గుండె నాకు కుడివైపు కనిపిస్తోంది! మామూలు మనిషికి కుడివైపు, తారుమారు మనిషికి ఎడమవైపు. మళ్ళీ మొదటికొచ్చింది. కాసేపటికి నా గుండె ఎటుందో నాకే తెలియక, చెయ్యి వేసి చూసుకున్నాను. కొట్టుకుంటూనే ఉంది, అదొక్కటే నయం.

ఇంగ్లీషు చాలాసేపు సాగింది. పేగులట, పిత్తాశయమట, ఏది ఎటు తిరిగిందో బాణం గుర్తులు పెట్టి చూపిస్తోంది. శివరామ్ ఫోన్లో ఏదో రాసుకుంటున్నాడు, కంప్లైంట్ కోసమట. నేను ఆ తెర మీది శరీరంలో మా ఆయన్ని వెతుకుతున్నాను. ఒక పుట్టుమచ్చా? ఒక గాటా? ఏదీ లేదు. ఎవరి లోపలైనా అంతే కదా, అంతా ఎరుపూ పసుపూ. మనిషిని పైనుంచే తప్ప నేనెప్పుడు చూశాను?

అప్పుడు రింకి నా వైపు తిరిగి ఒడియాలో అంది. "ఇలాంటి మనిషికి ఎడమవైపు చెవి పెట్టి వింటే సరిగ్గా ఏమీ వినిపించదు. కొత్త డాక్టరైతే కంగారు పడిపోతాడు. కుడివైపు చెవి పెడితే మాత్రం చక్కగా వినిపిస్తుంది."

అంతే, ఒళ్ళు జల్లుమంది.

పెళ్ళానికి మొగుడి ఎడమ పక్కే చోటు అని చెప్పింది మా అమ్మ, నన్ను కాపురానికి పంపేటప్పుడు. పీటల మీదైనా అంతే, మంచం మీదైనా అంతే. నేను బుద్ధిగా ఎడమ పక్కకి వెళ్ళి పడుకుంటే ఆయన వినేవాడు కాదు. "ఇటు రా, గోడ పక్క ఉక్క" అని కుడి పక్కకి లాక్కునేవాడు. సరే గోడ అనుకున్నాను. తర్వాత ఇల్లు మారాం. అప్పుడు, "అటు ఫ్యాను గాలి సూటిగా తగుల్తాది, జలుబు చేస్తాది" అన్నాడు. ఫ్యానూ మారింది, మంచమూ మారింది, పిల్లాడు పుట్టి పెద్దాడయ్యాడు, నేను మాత్రం కుడి పక్కే. "శాస్త్రం ఒప్పుకోదయ్యా" అని ఎన్నిసార్లు పోట్లాడానో. పోట్లాడి పోట్లాడి అక్కడే ఆయన ఛాతీ మీద తల పెట్టుకుని నిద్రపోయేదాన్ని. చెవి కిందే దడదడా కొట్టుకుంటూ ఉండేది. ఆ చప్పుడు లేకపోతే నాకు నిద్ర పట్టేది కాదు. అది కుడివైపు కదా అని ఒక్కనాడైనా తట్టిందా? తట్టలేదు. తల పెట్టుకున్న చోటే గుండె ఉంటుందనుకున్నాను.

"ఆగమ్మా," అని లేచి నిలబడ్డాను. "ఆయనే."

ఇంగ్లీషు ఆగిపోయింది. ఎవరో దీపాలు వేశారు.

"ఏటమ్మా?" అన్నాడు శివరామ్.

"మీ నాన్నే. మార్సలేదు ఎవరూ."

"నీకెలాగ తెలుసు?"

"తెలుసు."

"అదే, ఎలాగ?"

"తెలుసంటే తెలుసురా! కూకో!"

ఎలా చెప్పను? పక్కన కన్నకొడుకు, వెనక గది నిండా ఆడపిల్లలూ మగపిల్లలూ. మొగుడి ఛాతీ మీద ఎటువైపు తలపెట్టుకుని పడుకున్నానో మైకులో చెప్పమంటారా? నా మొహం మండిపోతోంది. ఈ వయసులో సిగ్గేమిటో. వాడు మాత్రం వదలడే, "ప్రూఫ్ ఏటి, ప్రూఫ్ ఏటి" అంటూనే ఉన్నాడు. రింకి మైకు ఆపేసి, దిగివచ్చి, నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. ఆ పిల్ల చెవిలో చెప్పాను. విని, నా చెయ్యి గట్టిగా నొక్కి, "ప్రూఫ్ ఉంది సార్," అని శివరామ్‌తో అంది. "డాక్టర్ల ప్రూఫే. ఇంకేమీ అడక్కండి."

అప్పుడు పూర్ణచంద్ర బాబు లేచాడు. పెద్ద నేరం చేసినవాడిలా చేతులు కట్టుకున్నాడు.

"మావుసీ, నాకు మొదటి నుంచీ తెలుసు," అన్నాడు. "శరీరం రాసివ్వడానికి వచ్చిన రోజే ఆయన ఎక్స్‌రే తెచ్చి చూపించారు. నా చేత మాట తీసుకున్నారు. పిల్లలకి ముందే చెప్పొద్దు, వాళ్ళే కోసి చూసి నోరెళ్ళబెట్టాలి అన్నారు. అందుకే రింకికి కూడా చెప్పలేదు. మీకు తెలుసో లేదో నాకు అర్థం కాక ఇందాక ఆగిపోయాను."

నోరెళ్ళబెట్టింది పిల్లలు కాదు, నేను. పప్పులో రెండు రాళ్ళుంటే కొనేవాడికి ముందే చెప్పి అమ్మిన మనిషి ఆయన. సొంత ఛాతీలో ఉన్న సంగతి పెళ్ళానికి చెప్పలేదు! ఈ ఒడియా బాబుకి చెప్పాడు. ఎక్స్‌రే కూడా చూపించాడు. ఏటేటా డాక్టరు దగ్గరికి ఒక్కడే ఎందుకెళ్ళేవాడో ఇప్పుడు తెలిసింది. "నువ్వెందుకే, ఇంటికాడుండు" అనేవాడు. నేనేమో నా మీద ప్రేమ అనుకుని ఇంటి దగ్గరే ఉండేదాన్ని.

"నాకెందుకు సెప్పలేదుట?" అన్నాను.

"అడిగాను. మా ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు, బడా బజారంతా తెలిసిపోతుంది అన్నారు," అని ఆయన తల గోక్కున్నాడు. "ఇంకోసారి వచ్చినప్పుడు మళ్ళీ అడిగాను. అప్పుడు వేరే చెప్పారు. దానికి తెలిస్తే నిద్రపోదు, రాత్రంతా నా మీద చెయ్యేసుకుని కూర్చుంటుంది అన్నారు."

"రెంటిలో ఏది నిజం?"

"రెండూ నవ్వుతూనే చెప్పారు మావుసీ."

నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి తన్నుకొచ్చాయి. మొదటిదైతే ఆ మనిషిని నిలబెట్టి కడిగేయాలి. రెండోదైతే కాళ్ళు పట్టుకోవాలి. కడగడానికీ లేడు, పట్టుకోవడానికీ లేడు. ఇలా మధ్యలో నిలబెట్టి పోవడం న్యాయమా? మీరే చెప్పండి.

శివరామ్ నెమ్మదిగా ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "అయితే అమ్మా, బొమ్మ మళ్ళీ కాల్సాలా?" అన్నాడు చిన్నపిల్లాడిలా.

"వొద్దు," అన్నాను. "అది నేననుకున్న మనిషి. ఆయన్ని పద్ధతిగానే సాగనంపేం. ఈయన్ని ఇప్పుడే సూస్తన్నాను." వాడికి అర్థం కాలేదు. నిజం చెప్పాలంటే నాకూ పూర్తిగా కాలేదు.

తర్వాత రింకి నన్నొక్కదాన్నే పక్క గదిలోకి తీసుకెళ్ళింది. తెల్లటి పింగాణీ పళ్ళెం మీద గుడ్డ కప్పి ఉంది. చూస్తారా అంది. చూస్తానన్నాను. గుడ్డ తీసింది. గుప్పెడంత ఉంది, బూడిద రంగులో. ఆ చప్పుడంతా ఇందులోంచేనా వచ్చింది? కుడివైపో ఎడమవైపో చూద్దామంటే ఇప్పుడు దానికి ఏ వైపూ లేదు, పళ్ళెం మధ్యలో ఉంది.

"ఏటయ్యా," అన్నాను. గట్టిగానే అన్నాను. "ఎన్నేళ్ళు కాపురం సేసేనయ్యా నీతో? గోడన్నావు, ఫ్యానన్నావు, జలుబన్నావు. ఒక్క ముక్క సెప్తే నీ సొమ్మేటి పోయింది? బజారుకి సెప్పేదాన్నేటి? సెప్పేదాన్నేలే, సెప్తే మాత్రం ఏటి? మా ఆయన లచ్చల్లో ఒక్కడని సెప్పుకునేదాన్ని కదా!"

అంటూనే ఏడ్చేశాను. రింకి ఆపలేదు. పక్కన నిలబడి తనూ ముక్కు ఎగబీలుస్తోంది.

ముందైతే ఇవ్వననే అనుకున్నాను. నాకు చూపించనిది ఊరందరికీ గాజు జాడీలో పెట్టి చూపిస్తారా అని. కానీ ఇంటికి పట్టుకెళ్ళి ఏం చేస్తాను? అస్థికలతో పాటు నీళ్ళలో కలిపేస్తే ఇక అడగడానికి ఏమీ మిగలదు. ఇక్కడుంటే గోపాల్‌పూర్ సముద్రానికి వెళ్ళేటప్పుడో వచ్చేటప్పుడో దిగి ఇంకో నాలుగు తిట్టి పోవచ్చు.

"ఉంచుకోండి," అన్నాను. "కానీ ఒక్క మాట. ఈ గుండెని ఏ పిల్లలకి సూపించినా, ఈయనకో పెళ్ళాం ఉండేదని కూడా సెప్పాలి."

"పేర్లు సెప్పకూడదమ్మా. రూలు."

"పేరొద్దు. పెళ్ళాం అంటే సాలు."

"ఏటని సెప్పమంటారు?"

"ఆ పక్కనే పడుకున్న మనిషికి, పోయేదాకా సెప్పలేదని సెప్పు," అన్నాను కళ్ళు తుడుచుకుంటూ. గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కొచ్చాను. "ఆవిడా అడగలేదని మాత్రం సెప్పకు."

రింకి సరేనంది. గుడ్డ మళ్ళీ కప్పబోతుంటే నేనే అందుకుని కప్పాను.